రెండు మిల్లుల మధ్య రోడ్డు

మా శాఖ ఉద్యోగుల సంఘం వాళ్ళు ప్రతి వార్షిక సంచికకూ రిటైరైనవాళ్ళ చేత అనుభవాలు రాయిస్తారు. నా తర్వాత రిటైరైనవాళ్ళు రాశారు. పోయినవాళ్ళ గురించి వాళ్ళ అల్లుళ్ళు రాశారు. నన్ను మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. రెండుసార్లు నేనే రాసి పంపాను. మొదటిసారి స్థలం చాలలేదన్నారు. ఆ సంచికలో ఒక పేజీ నిండా సంఘం నాయకుల విహారయాత్ర ఫోటోలున్నాయి. రెండోసారి జవాబే లేదు. ఇప్పుడు కొత్త కార్యదర్శి ఫోన్ చేసి, కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లు చదువుతారు, ఒక అనుభవం రాయండి సార్, కాస్త సరదాగా ఉంటే బాగుంటుంది అన్నాడు. సరదా సంగతులు నా దగ్గర పెద్దగా లేవు. ఉన్నది రాస్తున్నాను. ఇందులో ఏ వాక్యమైనా తీసేయాలనిపిస్తే మొత్తం తీసేయండి. సగం అచ్చువేసి నా పేరు పెట్టొద్దు.

తొంభైల చివర్లో నేను ఒంగోలు ఆఫీసులో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుని. అద్దంకి వైపు రోడ్డు మీద ఉన్న జిన్నింగ్ మిల్లులు, కారం మిల్లులు నా పరిధిలోవి. మనుషుల చేత చట్టం చెప్పిన గంటల కంటే ఎక్కువ పని చేయిస్తున్నారా, ఓవర్‌టైము పేరుతో పిండుతున్నారా అని చూడటం నా పనుల్లో ముఖ్యమైనది. ఆఫీసుకున్న ఒక్క జీపూ మా పై అధికారిది. నేను ఆర్టీసీ బస్సులో వెళ్ళేవాణ్ణి. బస్సు దిగి చేతిసంచి సర్దుకునేలోపే స్టాపు దగ్గరి టీకొట్టు నుంచి మిల్లుకు కబురు వెళ్ళేది. నేను గేటు దాకా నడిచేసరికి సైరను మోగేది. ఆడవాళ్ళు తలగుడ్డలు దులుపుకుంటూ బయటికి వచ్చేవాళ్ళు. మేనేజరు ఎదురొచ్చి, ఇప్పుడే షిఫ్టు దిగింది, కూర్చోండి, మజ్జిగ తాగుదురు గాని అనేవాడు. నేను తిరుగు బస్సెక్కగానే వాళ్ళు మళ్ళీ మిషన్ల మీదికి పోయేవాళ్ళు. ఊళ్ళో వేళకాని వేళ సైరను వినపడితే, ఒంగోలు నుంచి సార్ వచ్చాడు అనుకునేవారట.

వాటిలో ఒక జిన్నింగ్ మిల్లు పత్తి దిగుబడి వచ్చే నెలల్లో ఆగేది కాదు. గింజ నుంచి దూదిని వేరుచేసే మిషన్లు వరసగా ఉంటాయి. ఒక్కో మిషను ముందు ఒక ఆడమనిషి నిలబడి చేతులతో పత్తి అందిస్తుంది. ఆ చేతులకు దగ్గరలోనే రోలరు తిరుగుతుంటుంది, దాని పక్కనే కత్తి. పొద్దున నిలబడ్డ మనిషి చీకటి పడేదాకా అక్కడే నిలబడేది. పొద్దున చురుగ్గా ఉన్న చేతులు సాయంత్రానికి వాటంతటవే కదులుతుంటాయి. దెబ్బలు తగిలేది అప్పుడే. ఆ వేళలో వాళ్ళ వేళ్ళ మీంచి నేను చూపు తిప్పేవాణ్ణి కాదు.

అందుకని నేను ఒక స్టాపు ముందే దిగడం మొదలుపెట్టాను. చేలగట్ల మీద నడిచి మిల్లు వెనకవైపు తేలేవాణ్ణి. పత్తికాయ తొడుగులు గీరుకుని ప్యాంట్లు చిరిగాయి. ప్యాంట్లకు శాఖ ఏమీ ఇవ్వదు. ఒక సీజనంతా అలా వెళ్ళి, నోటీసులిచ్చి, కేసు వేస్తానని బెదిరించి, చివరికి యజమానిని ఒప్పించాను. మధ్యాహ్నం సైరనుతో పొద్దుటి షిఫ్టు ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళాలి. వెళ్ళడం మొదలుపెట్టారు. గేటు దగ్గర నిలబడి నా కళ్ళతో నేను చూశాను.

ఒంగోలులో జరిగిన సమీక్షా సమావేశంలో నాకు శాలువా కప్పారు. ఓవర్‌టైమును అదుపులో పెట్టిన అధికారి అన్నారు. చెప్పింది నా గురించి, ఫోటోలో మధ్యలో నిలబడింది మా పై అధికారి. ఆ శాలువా ఇప్పుడు మా ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంది.

మరుసటి సీజనులో ఒక మధ్యాహ్నం జిన్నింగ్ మిల్లులోకి అడుగుపెట్టగానే తుమ్ములొచ్చాయి. దూది నలుసులకు తుమ్ములు రావడం మామూలే. కానీ ఇవి ఆ తుమ్ములు కావు. కళ్ళు మండాయి, గొంతు గరగరలాడింది. మన ప్రాంతంలో పుట్టినవాడికి ఆ ఘాటు ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. పత్తి మిల్లులో కారం ఎక్కడిది?

మిషన్ల వరస వెంట నడిచాను. తెల్లటి పత్తి కుప్ప మీద ఎర్రటి వేళ్ళ గుర్తులున్నాయి. మేనేజరు వాటిని చూసి, పిల్లలెవరో మిరపకాయ బజ్జీలు తిని ముట్టుకుని ఉంటారండి అన్నాడు. మూడో మిషను దగ్గర ఒకామె చేతులు చూశాను. అవి చేతుల్లా లేవు. అరచేతులకూ వేళ్ళకూ దూది అంటుకుపోయి, తొడుగులు వేసుకున్నట్టున్నాయి. దులుపుకోమన్నాను. దులిపినా రాలేదు. అడిగితే, ఆముదం సార్ అంది.

మిరప ముచ్చికలు, అంటే తొడిమలు, తీసేవాళ్ళు చేతులు మండకుండా ఆముదం పట్టించుకుంటారు. ఆమె పొద్దున ఎదురుగా ఉన్న కారం మిల్లులో ముచ్చికలు తీసి, మధ్యాహ్నం సైరను మోగగానే రోడ్డు దాటి జిన్నింగ్ మిల్లుకు వచ్చింది. ఆమె ఒక్కతే కాదు, ఆ వరసలో ఉన్న అందరూ అంతే. ఇక్కడ పొద్దున పనిచేసినవాళ్ళు అదే సైరనుకు అటు వెళ్ళారు. రెండు మిల్లుల యజమానులూ మాట్లాడుకుని మనుషుల్ని మార్చుకుంటున్నారు. ఏ మిల్లుకు ఆ మిల్లులో గంటలు సరిగ్గా ఉన్నాయి. ఒక్క మనిషికీ ఓవర్‌టైము లేదు. నా శాలువాకు వచ్చిన లోటు లేదు. మనిషి మాత్రం పొద్దున్నుంచి చీకటి పడేదాకా నిలబడే ఉంది, పైగా ఇప్పుడు చేతుల నిండా ఆముదం, కొంగు నిండా కారం. ఆముదం చేతికి దూది అంటుకుంటుంది, ఆ దూదిని రోలరు లాగుతుంది. కళ్ళు మండి ఒక్క క్షణం కొంగుతో తుడుచుకుంటే కొంగులోని కారం కంట్లోకి పోతుంది.

ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషిని అదే రోజు ఇంకో ఫ్యాక్టరీలో పెట్టుకోకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. కొత్త ఇన్‌స్పెక్టర్లు ఆ సెక్షను పరీక్ష కోసం చదివి ఉంటారు. ఇంకోసారి చదవండి.

ఆ మూడో మిషను ఆమెతో ఆ తర్వాత చాలాసార్లు మాట్లాడాను. దూదేకులవారి ఆడపడుచు. మొగుడు ఇల్లిల్లూ తిరిగి పరుపులు కుట్టేవాడు. ఫోము పరుపులు వచ్చాక అతన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పత్తిని పట్టుకుంటే తడి ఎంతుందో చెప్పగలనని ఆమెకు గర్వం. ఆమె నోటికి మేస్త్రీ కూడా భయపడేవాడు. నేను జాగ్రత్తలు చెబుతుంటే వింటూనే పత్తి అందించేది, నా ముఖం వైపు చూసేది కాదు. అది నాకు మనసులో ఉండిపోయింది. తర్వాత అర్థమైంది, చూస్తే వేళ్ళు పోతాయని.

నేను రిపోర్టు రాశాను. ఈ పద్ధతి ఆపకపోతే ఈ సీజనులోనే ఎవరిదో చెయ్యి పోతుందని అందులో రాశాను. మా పై అధికారి నుంచి ఉలుకూ పలుకూ లేదు. మా ఆఫీసు అటెండరు నా మేలుకోరేవాడు. ఒకరోజు టీ ఇస్తూ నెమ్మదిగా చెప్పాడు, సార్, మీ రిపోర్టు పెద్దసారు టేబులు మీదే ఉంది, దానిమీద క్యారియరు పెట్టుకుని అన్నం తింటున్నారు అని. ఏదో పని కల్పించుకుని వెళ్ళి చూశాను. పై కాగితం మీద గుండ్రటి సాంబారు మరక ఉంది. సంతకం ఉండాల్సిన చోట.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. ఆఫీసు ఫోను మోగితే అందరికంటే ముందు నేనే ఎత్తేవాణ్ణి. పేపరు వస్తే ముందు జిల్లా పేజీ తీసి, మిల్లు అనే మాట కోసం వెతికేవాణ్ణి. మా ఆవిడ, అంత భయమైతే సెలవు పెట్టండి అంది. సెలవు పెడితే అక్కడ మిషను ఆగదు కదా.

ఇక లాభం లేదని ఒకరోజు షిఫ్టు మారే వేళకు వెళ్ళి రెండు మిల్లుల మధ్య రోడ్డు మీద నిలబడ్డాను. మాట్లాడి ఒప్పిద్దామనే వెళ్ళాను. సైరను మోగింది. అటు గేటులోంచి కొందరు, ఇటు గేటులోంచి కొందరు, ఎర్రబడ్డ కొంగులు కొన్ని, తెల్లటి తలగుడ్డలు కొన్ని, రోడ్డుకు రెండు పక్కలా వచ్చి ఆగారు. నేను రెండు చేతులూ చాపి నిలబడ్డాను. మధ్యలోంచి పత్తి లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

అందరికంటే ముందు ఆ మూడో మిషను ఆమే ఉంది.

"పక్కకు జరగండి సార్. మిషను ఖాళీగా ఉంటే మేస్త్రీ ఇంకోళ్ళను ఎక్కిస్తాడు."

ఇవ్వాళ నువ్వు ఒక మిల్లులో పని చేశావు, రెండో మిల్లులో చేయకూడదు, అది చట్టం అన్నాను.

"ఇంటికి పోయి వంట చెయ్యడం మూడో మిల్లు సార్. దాన్నీ ఆపుతారా?"

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. వెనక నుంచి ఇంకొకామె, ఆపితే మా ఆయనకు సారే చెప్పాలి అంది. నేను నవ్వలేదు. నీ చేతులు ఒకసారి చూసుకో అన్నాను ఆమెతో. ఆమె నవ్వు ఆపి చేతులు కొంగులో దాచుకుంది. అవతల మిల్లులో రోలర్లు వట్టిగా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కనీసం చేతులు కడుక్కుని పోతాం సార్ అని ఒకామె అంది. ఆ ముక్కతో నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ముందు సబ్బూ నీళ్ళూ పెట్టించమని అడగండి అనబోతున్నాను.

అప్పుడు జిన్నింగ్ మిల్లు మేనేజరు గేటులోంచి వచ్చాడు. ఎప్పుడూ లేనంత మర్యాదగా ఉన్నాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, గేటు లోపల మీ మాటకు మేం కాదనం. కానీ రోడ్డు ఫ్యాక్టరీ కాదు కదండీ. రోడ్డు మీద నడిచేవాళ్ళను ఆపడానికి మీకేం అధికారం ఉంది?"

అతను చెప్పింది నిజం. నా అధికారం ఈ గేటు దగ్గర ఆగిపోతుంది, ఆ గేటు దగ్గర మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో ఉన్న ఆ కాస్త తారు రోడ్డు ఎవరిదీ కాదు. వాళ్ళు కనిపెట్టింది సరిగ్గా ఆ కాస్త జాగానే.

ఇంతలో స్టాపు దగ్గరి ఎస్టీడీ బూతు నుంచి మనిషి పరుగెత్తుకొచ్చి, ఒంగోలు నుంచి నాకు ఫోనుందన్నాడు. అద్దాల తలుపు మూసుకుని రిసీవరు అందుకున్నాను. మా పై అధికారి.

"ఏవయ్యా, నీకు ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం ఎప్పుడిచ్చారు?"

నేను చెప్పబోయాను. ఆయన చెప్పనివ్వలేదు. యజమానుల సంఘం వాళ్ళు ఫోన్ చేశారన్నాడు, సీజను పూట మిల్లు ఆపడమేమిటన్నాడు, రిపోర్టు రాశావుగా, నేను చూస్తాగా అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాను. నేను నిలబడ్డ చోట ఎవరూ లేరు. ముందు ఒకరిద్దరు దాటారు, తర్వాత అందరూ దాటారు. ఆమె రోడ్డు మధ్యలో ఒకసారి ఆగి బూతు వైపు చూసింది. తలగుడ్డ బిగించి కట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. చేతులు ఎవరూ కడుక్కోలేదు. నేను రిసీవరు పట్టుకుని, సరే సార్ అంటున్నాను.

వారం తిరక్కుండా నా పరిధి మార్చారు. పత్తీ కారమూ తీసేసి చీమకుర్తి గ్రానైటు యూనిట్లు ఇచ్చారు. ఆఫీసులో నా పేరు పోయి ట్రాఫిక్ అనే పేరు మిగిలింది. కొత్తగా చేరిన గుమాస్తా అదే నా ఇంటిపేరు అనుకున్నాడు.

నా స్థానంలో వచ్చిన కుర్ర ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. ఎదురుగా ఉన్న టేబులే అతనిది. మిల్లుకు వెళ్ళొచ్చిన రోజు అడిగాను, లోపల తుమ్ములొచ్చాయా అని. జలుబేం లేదు సార్ అన్నాడు. కళ్ళు మండాయా అంటే, మొన్ననే కొత్త అద్దాలు తీసుకున్నాను సార్ అన్నాడు. వెళ్ళే ముందు ఫోన్ చేసి చెబుతాడట, వాళ్ళు స్టాపుకు స్కూటరు పంపుతారట. మధ్యాహ్నం సైరను వేళకు వెళ్ళి రోడ్డు మీద నిలబడవయ్యా అని బతిమాలాను. నన్ను కూడా ట్రాఫిక్ అంటారు సార్ అని నవ్వాడు. నేను చీమకుర్తిలో రాళ్ళు కోసే రంపాల మధ్య నిలబడి కూడా జిన్నింగ్ మిల్లు రోలర్ల చప్పుడే వినేవాణ్ణి.

సీజను చివర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. మహిళా కూలీకి గాయాలు అని. మిల్లు ఏదో రాయలేదు. రాయకపోవడంతోనే నాకు తెలిసిపోయింది.

వాకబు చేసుకుని గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. వేళ్ళు తీసేశారని మొగుడు చెప్పాడు. మంచం కింద కూర్చుని, చిరిగిన తలగడలోకి ఆసుపత్రి దూదిని తోస్తున్నాడు. ఆమె నన్ను చూసి ఏడవలేదు, తిట్టలేదు. ఎప్పుడు అడుగుదామా అని ఎదురుచూస్తున్నట్టు అడిగింది.

"ఏ మిల్లులో జరిగిందని డాక్టరు గారు అడిగితే జిన్నింగ్ మిల్లని చెప్పాను సార్. మేనేజరు వచ్చి అట్టా చెప్పొద్దు, నువ్వు మా మనిషివి కాదు, కారం మిల్లు మనిషివి అన్నాడు. కారం మిల్లాయన్ని అడిగితే, మా షిఫ్టు మధ్యాహ్నమే అయిపోయింది కదమ్మా అన్నాడు. నేను ఎవరి మనిషిని సార్?"

ఏ గోడల మధ్య చెయ్యి పోతే ఆ మిల్లు మనిషివే, చట్టం అదే చెబుతుంది అన్నాను. అయితే ఆ ముక్క మీ ఆఫీసు చేత రాయించి ఇవ్వండి సార్ అంది. ఇప్పిస్తానన్నాను.

విచారణ జరిగింది. నన్ను పిలవలేదు. నా రిపోర్టు ఫైల్లో లేదు. కుర్ర ఇన్‌స్పెక్టరు ఉన్నది ఉన్నట్టు రాయబోతే మా పై అధికారి దగ్గర కూర్చోబెట్టుకుని రాయించాడని అటెండరు చెప్పాడు. చివరికి తేల్చింది ఏమిటంటే, ఆమె కార్మికురాలు కాదు, చుట్టాన్ని చూడటానికి మిల్లులోకి వచ్చిన స్త్రీ. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి చేతికి ఆముదం ఎందుకుంది, ఆమె కోసం రోలరు ఎందుకు తిరుగుతోంది అని నేను మా పై అధికారికి లేఖ రాశాను. ఇది మీ పరిధిలోకి రాదు అని జవాబొచ్చింది. నా ఉద్యోగ జీవితంలో నాకు అంత తొందరగా వచ్చిన జవాబు ఇంకొకటి లేదు. ఆ తర్వాత రాసిన వాటికి అదీ లేదు. నా రిటైర్మెంటు సభలో మా పై అధికారి మాట్లాడుతూ, మన ట్రాఫిక్ వెళ్ళిపోతున్నాడు, ఇక రోడ్లన్నీ ఖాళీ అన్నాడు. అందరూ నవ్వారు. ముందు వరసలో ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

షిఫ్టు గంటలు నేను తగ్గించబట్టే వాళ్ళు రోడ్డు దాటారని, లేకపోతే ఒకే మిల్లులో శుభ్రమైన చేతులతో ఉండేవాళ్ళని అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట నా దాకా వచ్చింది. ఆ మాటను చాలా రాత్రులు నాలో నేనే తిప్పి చూసుకున్నాను. అయితే అన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఆ రోడ్డు మీద నిలబడినవాళ్ళు కారు.

కొత్త ఇన్‌స్పెక్టర్లకు చెప్పేది ఒకటే. మిల్లులోకి వెళ్ళే ముందు మిల్లు బయట నిలబడండి. సైరను మోగాక ఎవరు ఎటు పోతున్నారో చూడండి. లోపల మీకు చూపించేదంతా బాగానే ఉంటుంది.

ఆమెకు ఇప్పుడు వాళ్ళ ఊరి స్టాపు దగ్గర కూరగాయల కొట్టుంది. తక్కెడ ఎడమచేత్తో పడుతుంది. బేరమాడేవాళ్ళకు ఆమె నోరంటే ఇప్పటికీ భయమే. అటు వెళ్ళినప్పుడల్లా ఆగుతాను. వంకాయలు తూస్తూనే అడుగుతుంది, సార్, ఆ కాగితం వచ్చిందా అని. రాలేదమ్మా అంటాను. అప్పుడు మాత్రం తల ఎత్తి నా ముఖం వైపు చూస్తుంది.

మా అప్పటి పై అధికారి గారికి ఇప్పుడు నేరుగా రాస్తున్నాను. మీ పేరు రాయలేదు, మీకు తెలుసు. మొన్న పెన్షన్ ఆఫీసులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి వరసలో నిలబడ్డప్పుడు కూడా, ఏం ట్రాఫిక్, బాగున్నావా అన్నారు. నేను బాగానే ఉన్నాను. ఈ సంచిక మీ ఇంటికి వస్తుంది. అందులో మీ ఫోటో ఎలాగూ ఉంటుంది, ఆ పేజీ చూశాక ఇది చదవండి. ఇప్పుడు మీ మీద యజమానుల సంఘం లేదు, సీజను లేదు, ఎవరి ఫోనూ రాదు. ఇది నా పరిధిలోకి రాదని రాయడానికి ఇప్పుడు మనిద్దరికీ ఏ పరిధీ లేదు. ఆ మధ్యాహ్నం ఆ మిషను ముందు నిలబడ్డప్పుడు ఆమె ఎవరి మనిషి? ఒక్క వాక్యం రాసి కింద సంతకం పెట్టండి. నా చిరునామా సంఘం వాళ్ళ దగ్గర ఉంది. పోస్టు వచ్చే వేళకు నేను గేటు దగ్గరే ఉంటాను.